ఫిజిక్స్ చరిత్ర రాయడమే వృత్తిగా: ఏ దారి ఎవరికి సరిపోతుంది?

ఎమ్మెస్సీ ఫిజిక్స్ క్లాసులో ఒకరిద్దరు ఇలాంటివాళ్లు ఉంటారు. ష్రోడింగర్ సమీకరణాన్ని సాధించడం కంటే, 1926లో ఆయన దాన్ని ఎందుకలా రాశారు, హైజెన్‌బర్గ్‌కి అది చూస్తేనే ఎందుకంత చిరాకు వేసింది అన్న సంగతులే వాళ్లకు నిద్ర పట్టనివ్వవు. పరీక్షకు ముందురోజు కూడా పాత సైంటిస్టుల ఉత్తరాలు చదువుతూ కూర్చుంటారు. మీరూ అలాంటివాళ్లైతే, ఆధునిక భౌతికశాస్త్ర చరిత్రను వృత్తిగా తీసుకోవాలా అన్న ఆలోచన ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటుంది. ఇంట్లో చెబితే "అదేం ఉద్యోగం?" అంటారు. ఆ ప్రశ్న తప్పేమీ కాదు. ఉద్యోగాలు నిజంగానే తక్కువ. ఇండియాలో మరీ తక్కువ.

అయినా ఈ పని చేస్తున్నవాళ్లు ఉన్నారు, వాళ్లు రకరకాల దారుల్లో వచ్చారు. ఆ దారుల్ని పోల్చి చూడటానికే ఇది రాస్తున్నాను. చాలామంది "ఏ డిగ్రీ చెయ్యాలి?" అని మొదలుపెడతారు. నా లెక్కలో అది రెండో ప్రశ్న. మీరు ఏ కాగితాలు చదవాలనుకుంటున్నారు, అవి ఎక్కడున్నాయి, ఏ భాషలో ఉన్నాయి అన్నది మొదటిది. అది తేలితే డిగ్రీ సంగతి సగం తేలిపోతుంది.

మనకు దగ్గరి ఉదాహరణే తీసుకుందాం. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. ఫ్రాన్స్ నుంచి వచ్చిన పియర్ జాన్సెన్ గుంటూరులో పరికరాలు పెట్టుకున్నారు. బ్రిటిష్ వారి తరఫున మేజర్ టెనెంట్ బృందం కూడా గుంటూరులోనే దిగింది. మద్రాసు అబ్జర్వేటరీ అధిపతి నార్మన్ పాగ్సన్ మచిలీపట్నం నుంచి చూశారు. "హీలియం గుంటూరులో కనిపెట్టారు" అని మనవాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. అసలు కథ అంత సూటిగా లేదు. సూర్యుడి అంచున ఎగిసే జ్వాలల్ని గ్రహణం లేనప్పుడు కూడా స్పెక్ట్రోస్కోప్‌తో (కాంతిని రంగులుగా విడదీసే పరికరం) చూడొచ్చని జాన్సెన్ ఆ మర్నాడే గుంటూరులో చూసి నిర్ధారించుకున్నారు. ఆయన ఘనత అది. గ్రహణం రోజు ఆ జ్వాలల కాంతిలో పసుపు గీతను (ఏ మూలకం ఉందో చెప్పే గుర్తు లాంటిది) చూసినవాళ్లు చాలామందే ఉన్నా, ఎక్కువమంది దాన్ని సోడియం గీతే అనుకున్నారు. సోడియంది కాదని పట్టుబట్టి తేల్చింది ఇంగ్లండ్‌లో నార్మన్ లాకియర్, ఆ ఏడాది అక్టోబరు తర్వాత. భూమ్మీద హీలియం విలియం రామ్సే చేతికి చిక్కింది 1895లో.

ఈ ఒక్క సంఘటన మీదే రెండు రకాల చరిత్ర రాయొచ్చు. సోడియం గీతలు 589.0, 589.6 నానోమీటర్ల దగ్గర ఉంటాయి, హీలియం గీత 587.6 దగ్గర. గ్రహణం హడావుడిలో, ఆనాటి పట్టకాలతో, ఒకటిన్నర నానోమీటరు కూడా లేని తేడా కనిపించే వీలుందా? ఈ ప్రశ్న వేసి జవాబు రాబట్టడానికి ఫిజిక్స్ కావాలి. అంత దూరం నుంచి ఫ్రెంచి బృందం ఎందుకు వచ్చింది, కలెక్టరు ఏ ఏర్పాట్లు చేశారు, సామాన్లు మోసినవాళ్లు, కాపలా కాసినవాళ్లు ఎవరు? దీనికి ఆర్కైవ్‌లో కూర్చునే ఓపిక, పాలనా చరిత్ర కావాలి. గుంటూరు జిల్లా రికార్డులు అని అడిగితే 1868కి ఏమీ దొరకవు. 1859లో ఆ జిల్లాను ఎత్తేశారు, మళ్లీ 1904లోగానీ ఏర్పాటు చెయ్యలేదు. మధ్యలో గుంటూరు కృష్ణా జిల్లాలో భాగం. ఆ సంగతి తెలిసినవాళ్లు ఆర్కైవ్‌కి వెళ్లి కృష్ణా జిల్లా కట్టలు అడుగుతారు. తెలియనివాళ్లు "రికార్డులు లేవట" అని తిరిగొస్తారు.

ఈ రెండు ప్రశ్నల్లో మీకు ఏది ఎక్కువ ఊరిస్తోంది? అది గుర్తుపెట్టుకుని కింది దారులు చూడండి.

ముందు ఫిజిక్స్ పీహెచ్‌డీ, తర్వాత చరిత్ర

పెద్ద పేర్లలో చాలామంది ఇలా వచ్చినవాళ్లే. థామస్ కూన్ 1949లో హార్వర్డ్‌లో ఫిజిక్స్ డాక్టరేట్ తీసుకుని, తర్వాత చరిత్ర వైపు తిరిగారు. 1960ల మొదట్లో క్వాంటం ఫిజిక్స్ తొలితరం వాళ్లను ఇంటర్వ్యూలు చేసే ప్రాజెక్టును నడిపించింది ఆయనే. నీల్స్ బోర్‌తో చివరి ఇంటర్వ్యూ 1962 నవంబరు 17న జరిగింది. మర్నాడే బోర్ చనిపోయారు. అలాంటి మనిషి ఎదురుగా కూర్చుని 1913 నాటి పరమాణు నమూనా లెక్కల గురించి అడగాలంటే, ఆ లెక్కలు మనకూ వచ్చి ఉండాలి.

ఈ దారిలో మేలు ఇదే. మూల పేపర్లను భయం లేకుండా చదవగలరు. ఫెలోషిప్ కూడా ఫిజిక్స్‌లోనే సులువుగా దొరుకుతుంది. చరిత్ర కుదరకపోతే వెనక్కి రావడానికి చోటుంటుంది. మన ఇళ్లల్లో ఆ ఆఖరి సంగతికి ఉన్న విలువ తక్కువేమీ కాదు.

నష్టం కూడా పెద్దదే. అయిదారేళ్లు పోతాయి. ఆ ఏళ్లలో పట్టుబడే ఆలోచనా పద్ధతి చరిత్రకు అడ్డం పడుతుంది కూడా. ఫిజిక్స్‌లో పాత తప్పుకి విలువ లేదు. చరిత్రలో ఆ తప్పు అప్పట్లో ఎందుకు సబబుగా కనిపించిందన్నదే అసలు విషయం. ఇవాళ్టి పాఠ్యపుస్తకం చేత్తో పట్టుకుని నిన్నటివాళ్లకు మార్కులు వేసే అలవాటు ఒకసారి వచ్చిందంటే వదలడం కష్టం. స్పెన్సర్ వియర్ట్ ఖగోళ భౌతికశాస్త్రంలో డాక్టరేట్ చేసి, పరిశోధకుడిగా పనిచేసి కూడా, చరిత్ర నేర్చుకోవడానికి బర్క్‌లీలో మళ్లీ విద్యార్థిగా చేరారు. ఆ తర్వాత 1974 నుంచి 2009 దాకా అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫిజిక్స్‌లోని చరిత్ర కేంద్రాన్ని నడిపారు. డాక్టరేట్ ఉన్నంత మాత్రాన ఈ పని రాదని ఆయనకు తెలిసినట్టుంది.

ఇప్పటికే ఫిజిక్స్ పీహెచ్‌డీలో సగం దాటినవాళ్లు మానేయకండి, పూర్తి చెయ్యండి. ఇంకా చేరనివాళ్లు మాత్రం "చరిత్రకు పనికొస్తుంది" అన్న కారణంతో చేరొద్దు. ల్యాబ్ మీద, సమస్య మీద ప్రేమ లేకుండా ఆ ఏళ్లు గడవవు.

ఎమ్మెస్సీ తర్వాత నేరుగా చరిత్రలోకి

ఎక్కువమందికి నేను చెప్పేది ఇదే. జాన్ హైల్‌బ్రాన్ బర్క్‌లీలో ఫిజిక్స్ మాస్టర్స్ దాకా చదివి, అక్కడే కూన్ దగ్గర చరిత్రలో డాక్టరేట్ చేశారు. డేనియల్ కెవ్లెస్ ప్రిన్స్‌టన్‌లో ఫిజిక్స్ డిగ్రీ చేసి, డాక్టరేట్ చరిత్రలో తీసుకుని, అమెరికా ఫిజిసిస్టుల చరిత్ర రాశారు. బర్క్‌లీలోనే తయారైన పాల్ ఫోర్మన్ 1971లో ఒక పెద్ద దుమారం రేపిన వ్యాసం రాశారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడిన జర్మనీలో సైన్స్ మీద, కార్యకారణ వాదం మీద జనంలో విముఖత పెరిగిందని, ఆ వాతావరణమే ఫిజిసిస్టులు కార్యకారణ సంబంధాన్ని వదులుకోవడానికి అంత తొందరగా సిద్ధపడేలా చేసిందని ఆయన వాదన. ఒప్పుకున్నవాళ్ల కంటే పోట్లాడినవాళ్లే ఎక్కువేమో. కానీ యాభై ఏళ్లు దాటినా ఆ వ్యాసాన్ని పక్కన పెట్టి వైమార్ కాలం (ఆ యుద్ధం తర్వాతి జర్మనీ) ఫిజిక్స్ గురించి ఎవరూ రాయలేకపోతున్నారు. ఫిజిక్స్ తెలిసిన మనిషికి చరిత్ర శిక్షణ తోడైతేనే అలాంటి ప్రశ్న పుడుతుంది.

ఎమ్మెస్సీ స్థాయి ఫిజిక్స్ ఉంటే 1950 దాకా జరిగిన చాలా విషయాల మూల పేపర్లు చదవొచ్చు. క్వాంటం ఫీల్డ్ థియరీ, స్ట్రింగ్ థియరీ లాంటివి మీ అంశమైతే అది చాలదు.

ఇండియాలో ఈ దారికి అడ్డం ఒకటుంది. చాలా చరిత్ర విభాగాలు ఎం.ఏ. హిస్టరీ ఉన్నవాళ్లనే పీహెచ్‌డీకి తీసుకుంటాయి. యూజీసీ నెట్ కూడా హిస్టరీలో రాయాలంటే అర్హత నిబంధనలు చూసుకోవాలి, అవి ఈ మధ్య మారుతున్నాయి కాబట్టి తాజా నోటిఫికేషనే ప్రమాణం. తిప్పలు పడకుండా ఉండాలంటే ఇగ్నోలో దూరవిద్య ద్వారా ఎం.ఏ. హిస్టరీ చేసేయడం ఒక పద్ధతి. ఫీజు తక్కువ, ఉద్యోగం చేస్తూ చదవొచ్చు, పైగా చరిత్ర పుస్తకం ఎలా చదవాలో అలవాటవుతుంది. లేదా సైన్స్ వాళ్లకు తలుపు తెరిచి ఉంచే చోట్లు వెతకాలి. జేఎన్‌యూలో సైన్స్ పాలసీ అధ్యయన కేంద్రం ఉంది. మన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో జ్ఞానం, సంస్కృతి, ఆవిష్కరణల అధ్యయన కేంద్రం ఉంది. ఇవి అచ్చమైన చరిత్ర విభాగాలు కావు. గైడ్ ఎవరు, వాళ్లు ఏం రాశారు అన్నది చూసుకునే దరఖాస్తు పెట్టండి. జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు, తర్వాత ఎస్ఆర్ఎఫ్ (సీనియర్)గా 42,000. హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి చదువుకోవడానికి అది చాలు.

అసలు ఫిజిక్స్ చదవకుండా

"ఇంటర్‌లో ఎంపీసీ వదిలేశాను, నాకు కుదరదు" అనుకునేవాళ్లు జాహ్నవి ఫాల్కే గురించి తెలుసుకోవాలి. బొంబాయిలో రాజనీతి చదివి, లండన్‌లోని ఆసియా, ఆఫ్రికా అధ్యయనాల సంస్థలో చదివి, అమెరికాలోని జార్జియా టెక్‌లో సైన్స్ చరిత్రలో డాక్టరేట్ తీసుకున్నారు. ఇండియాలో అణు పరిశోధన ఎలా మొదలైందో బెంగళూరు, కలకత్తా, బొంబాయి ల్యాబుల ద్వారా చెప్పారు. చండీగఢ్ పంజాబ్ యూనివర్సిటీలోని పాత సైక్లోట్రాన్ (కణాల వేగం పెంచే యంత్రం) మీద డాక్యుమెంటరీ తీశారు. సైన్స్ గ్యాలరీ బెంగళూరుకి వ్యవస్థాపక డైరెక్టర్. 2023లో ఇన్ఫోసిస్ బహుమతి అందుకున్నారు.

డబ్బు ఎవరిచ్చారు, పరికరం ఏ దేశం నుంచి వచ్చింది, ఫైలు మీద ఎవరు సంతకం పెట్టారు, ఎవరిని పక్కన పెట్టారు అన్న ప్రశ్నలకు ఈ దారి బాగా సరిపోతుంది. సమీకరణాల లోపలి కథకు సరిపోదు. ఐన్‌స్టీన్ జనరల్ రిలెటివిటీ దగ్గరికి ఏ మెట్టు తర్వాత ఏ మెట్టు ఎక్కారో రాయాలంటే టెన్సర్ లెక్కలు రావాల్సిందే.

రెండు డాక్టరేట్లు

పీటర్ గాలిసన్ హార్వర్డ్‌లో ఫిజిక్స్, సైన్స్ చరిత్ర రెండింటిలోనూ డాక్టరేట్ చేశారు. ఎంఐటీలోని డేవిడ్ కైజర్ కూడా అంతే. ఇది ప్లాన్ చేసుకుని వెళ్లే దారి కాదు. అలాంటి యూనివర్సిటీలో పడి, గైడ్లు ఒప్పుకుంటే ఆలోచించాల్సింది.

ఉద్యోగం చేస్తూనే

డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్‌గా పర్మినెంట్ ఉద్యోగం ఉన్నవాళ్లకు నా సలహా ఒక్కటే: రాజీనామా ఆలోచన పెట్టుకోకండి. జి. వెంకటరామన్ అణుశక్తి, రక్షణ సంస్థల్లో పనిచేసి, హైదరాబాద్‌లో అనురాగ్ అనే రక్షణ పరిశోధన సంస్థకు డైరెక్టర్‌గా ఉండి, తర్వాత పుట్టపర్తి సత్యసాయి విద్యాసంస్థకు వైస్ ఛాన్సలర్ అయ్యారు. ఆ బాధ్యతల మధ్యే 1988లో సి.వి. రామన్ మీద పెద్ద జీవితచరిత్ర వెలువరించారు. అబ్రహాం పైస్ కూడా వృత్తిరీత్యా ఫిజిసిస్టే. ఐన్‌స్టీన్ మీద ఆయన 1982లో తెచ్చిన పుస్తకం ఇప్పటికీ చదువుతున్నారు.

ఇక్కడ జీతం టెన్షన్ ఉండదు, అంశం మీ ఇష్టం. కానీ ఆర్కైవ్‌కి వెళ్లాలంటే సెలవులే దిక్కు. వృత్తి చరిత్రకారుల చర్చ ఎటు పోతోందో తెలియకుండా పోయే ప్రమాదం కూడా ఉంది. దాని ఫలితం మనం తెలుగులో తరచూ చూస్తాం. సైంటిస్టు జీవితచరిత్ర అంటే బాల్యం, ప్రతిభ, కష్టాలు, సన్మానాలు. ఆయన ఎవరితో గొడవపడ్డారు, ఏ గ్రాంటు రాలేదు, ఏ శిష్యుడి పేరు పేపర్లో లేదు అన్నవి ఉండవు. పొగడ్త రాయడం తేలిక, అందుకే అంత విరివిగా వస్తోంది. ఈ దారి పట్టినవాళ్లు ఇండియన్ జర్నల్ ఆఫ్ హిస్టరీ ఆఫ్ సైన్స్‌కి ఒక్క వ్యాసం పంపి, సమీక్షకుల చేత చీవాట్లు తినాలి. అది 1966 నుంచి వస్తోంది, మన అంశాలను గౌరవంగా చూస్తుంది.

ఆర్కైవ్, మ్యూజియం పని

ప్రొఫెసర్ ఉద్యోగం ఒక్కటే గురి అయితే నిరాశ ఎక్కువ. ఫోర్మన్ తన ఉద్యోగ జీవితం చాలావరకు వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ మ్యూజియం క్యురేటర్‌గానే గడిపారు. ఇండియాలోనూ ఈ పక్కన కదలిక ఉంది. బొంబాయిలోని టాటా పరిశోధన సంస్థ టీఐఎఫ్ఆర్‌లో ఆర్కైవ్ ఏర్పాటుకు ఇందిరా చౌధురి పనిచేశారు, ఆ సంస్థ చరిత్ర కూడా ఆమే రాశారు. బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన కేంద్రం ఎన్‌సీబీఎస్‌లో ఆర్కైవ్స్ 2019లో మొదలై, కుర్రవాళ్లకు తర్ఫీదు కూడా ఇస్తోంది. కాగితాలు సర్దడం, జాబితాలు రాయడం, పెద్దవాళ్లను కూర్చోబెట్టి గంటలకొద్దీ రికార్డు చెయ్యడం ఇక్కడి పని. జీతం గొప్పగా ఉండదు, కాంట్రాక్టులు ఎక్కువ. అయినా మనుషులతో మాట్లాడటం ఇష్టమైనవాళ్లకు, రాయడం కంటే వెతకడంలో ఆనందం ఉన్నవాళ్లకు ఇది పీహెచ్‌డీ కంటే బాగా సెట్ అవుతుంది. మన ల్యాబుల తొలితరం వాళ్లు వెళ్లిపోతున్నారు, ఈ పని వాయిదా వేస్తే కుదరదు.

ఏ దేశం?

అమెరికాలో హార్వర్డ్, ప్రిన్స్‌టన్, పెన్సిల్వేనియా, ఎంఐటీ లాంటి చోట్ల పీహెచ్‌డీకి సీటు వస్తే ఫీజు ఉండదు, స్టైపెండ్ ఇస్తారు. ఎం.ఏ. హిస్టరీ లేదని తిప్పి పంపరు. అయిదు నుంచి ఏడేళ్లు పడుతుంది. ఆ మొదటి రెండేళ్ల కోర్సుల్లోనే ఫిజిక్స్ విద్యార్థి చరిత్ర విద్యార్థిగా మారతాడు, అందుకే ఎమ్మెస్సీ వాళ్లకు ఇది అన్నిటికంటే నప్పుతుంది. బ్రిటన్‌లో కేంబ్రిడ్జ్, లీడ్స్, మాంచెస్టర్ మంచివే. పీహెచ్‌డీ మూడు నాలుగేళ్లలో అయిపోతుంది. కానీ ముందు చెయ్యాల్సిన ఏడాది మాస్టర్స్‌కి ఫీజు భారం మీ మీదే పడుతుంది. స్కాలర్‌షిప్ లేకుండా పొలం అమ్మి ఈ కోర్సుకి వెళ్లడం నేను ఒప్పుకోను. సాఫ్ట్‌వేర్ మాస్టర్స్ లాగా ఏడాదిలో అప్పు తీర్చే ఉద్యోగం దీని వెనక లేదు. నెదర్లాండ్స్‌లో ఉట్రెక్ట్ యూనివర్సిటీ రెండేళ్ల సైన్స్ చరిత్ర, తత్వశాస్త్ర మాస్టర్స్‌ని ఇంగ్లిష్‌లోనే నడుపుతుంది, సైన్స్ డిగ్రీ వాళ్లకు అనువైనది. బెర్లిన్‌లో 1994లో పెట్టిన మాక్స్ ప్లాంక్ సైన్స్ చరిత్ర సంస్థ డిగ్రీ తనంతట తాను ఇవ్వదు. అక్కడ పరిశోధన చేసేవాళ్లు యూనివర్సిటీల్లో నమోదవుతారు.

స్కాలర్‌షిప్‌ల విషయంలో ఒక హెచ్చరిక. కేంద్ర ప్రభుత్వం ఎస్సీ తదితర విద్యార్థులకిచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ 2022 మార్గదర్శకాల్లో భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారతదేశంపై సామాజిక అధ్యయనాల అంశాలను మినహాయించారు. అంటే కోపెన్‌హాగెన్‌లో బోర్ మీద పరిశోధనకు అడగొచ్చు, లండన్‌లో ఉన్న కాగితాలతో రామన్ మీద చేస్తానంటే కుదరదన్నమాట! ఇందులో న్యాయమేమిటో నాకు బోధపడలేదు. రాష్ట్ర ప్రభుత్వాల విదేశీ విద్య పథకాల్లో కూడా ఏ కోర్సులు, ఏ దేశాలు అన్నది ఆ ఏటి నోటిఫికేషన్‌లో చూసుకోవాలి.

అంశాన్ని బట్టి భాష

క్వాంటం తొలినాళ్ల మీద మనసుంటే జర్మన్ నేర్చుకోవాలి, తప్పదు. అనువాదాలతో ఎమ్మే దాకా నెట్టుకురావచ్చు, పీహెచ్‌డీ కుదరదు. ఖగోళ భౌతికశాస్త్రవేత్త మేఘనాద్ సాహా మీదైతే బెంగాలీ వస్తే మరో ప్రపంచం తెరుచుకుంటుంది.

మనకు దగ్గర్లోనే తవ్వాల్సినవి బోలెడున్నాయి. ఉస్మానియా 1918లో ఉర్దూ మాధ్యమంగా మొదలైంది, ఫిజిక్స్ కూడా ఉర్దూలోనే చెప్పారు. దానికోసం పుస్తకాల్ని తర్జుమా చెయ్యడానికి ఒక విభాగమే పెట్టారు. 1901లో మొదలైన నిజామియా అబ్జర్వేటరీ ఆకాశాన్ని ఫొటోలు తీసి నక్షత్రాల జాబితా చేసే అంతర్జాతీయ పనిలో తన వంతు భాగం పూర్తి చేసింది. ఉర్దూ చదవగలిగిన ఫిజిక్స్ విద్యార్థి ఒకరు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో కూర్చుంటే ఎంత పని ఉందో! తెలుగు, ఇంగ్లిష్ మాత్రమే వస్తే సూరి భగవంతం వైపు చూడండి. రామన్ శిష్యుడు, వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఫిజిక్స్ విభాగాన్ని నిలబెట్టినవాళ్లలో ఒకరు, ఉస్మానియా వైస్ ఛాన్సలర్, బెంగళూరు ఐఐఎస్‌సీ డైరెక్టర్, 1961 నుంచి 1969 దాకా రక్షణమంత్రికి శాస్త్ర సలహాదారు.

ఇందులో ఒక మెలిక ఉంది. వాల్తేరు, బెంగళూరు సంవత్సరాల కాగితాల కోసం తిరగొచ్చు. రక్షణ శాఖ సంవత్సరాలకు వచ్చేసరికి గోడ అడ్డొస్తుంది. డీఆర్‌డీఓకి సమాచార హక్కు చట్టం నుంచి మినహాయింపు ఉంది, అణుశక్తి విషయాలకు చట్టంలోనే రహస్య నిబంధనలున్నాయి. పాతికేళ్లు దాటిన ప్రభుత్వ రికార్డులను పరిశీలించి, దాచాల్సినవి తేల్చాలని చట్టం చెబుతున్నా, అన్ని శాఖల ఫైళ్లూ ఆర్కైవ్స్‌కి చేరవు. కాబట్టి అణుబాంబు, క్షిపణి అంశాలతో ఇండియాలో పీహెచ్‌డీ మొదలుపెట్టేవాళ్లు, కాగితాలు చేతికి రాకముందే సినాప్సిస్ సమర్పించొద్దు.

చేరే ముందు ఒక పరీక్ష

డిగ్రీ, దేశం తేల్చుకునే ముందు ఒక ఎండాకాలం సెలవు దీనికి కేటాయించండి. అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫిజిక్స్ సైట్లో వెయ్యికి పైగా ఇంటర్వ్యూల పాఠాలు ఉచితంగా ఉన్నాయి. మన జాతీయ ఆర్కైవ్స్ వాళ్ల అభిలేఖ్ పటల్ పోర్టల్లో పాత ఫైళ్ల స్కాన్లు దొరుకుతాయి. ఒక చిన్న ప్రశ్న పట్టుకోండి. వాల్తేరులో స్పెక్ట్రోస్కోపీ ల్యాబుకి మొదటి పరికరాలు ఎలా వచ్చాయి, అన్నంత చిన్నది. కనీసం మూడు మూలాలు పక్కపక్కన పెట్టి, అవి ఎక్కడ ఒకదానితో ఒకటి పొసగడం లేదో చూసి, పాతిక పేజీలు రాయండి. ఆ పొసగని చోట మీకు విసుగు పుడితే ఫిజిక్స్‌లోనే ఉండండి. రాత్రి పన్నెండైనా ఆ ఫైలు మూయబుద్ధి కాకపోతే, ఆ పాతిక పేజీలే మీ దరఖాస్తుకి జత చేసే రచన. గైడ్‌కి మొదటి మెయిల్ రాసేటప్పుడు మార్కుల జాబితా కాకుండా అందులోంచి రెండు పేజీలు, మీరు చూడాలనుకుంటున్న కాగితాలు ఏ ఊళ్లో ఏ ఆర్కైవ్‌లో ఉన్నాయో చెప్పే ఒక పేరా పంపండి. నాలుగైదు వారాల్లో జవాబు రాకపోతే ఒకసారి గుర్తుచేసి, తర్వాతి పేరుకి వెళ్లండి.